కరోనా వచ్చిపోయాక ఎర్రగడ్డ వేగితే చచ్చిన ఎలుక కంపు... తప్పు ముక్కుదా, నరాలదా, మెదడుదా?

పొద్దున్నే_పొయ్యి (తిరుపతి)

అందరికీ నమస్కారం. మెసేజ్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాకు తిరుపతిలో చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. నేను, మా ఆయన, సాయానికి ఒక పిల్లోడు, అంతే. 2021లో సెకండ్ వేవ్‌లో ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. నాకు నెల రోజులు వాసన తెలియలేదు, తర్వాత దానంతట అదే వచ్చేసింది, మేమూ మర్చిపోయాం. పోయిన ఏడు మళ్లీ మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు. మెడికల్ షాపులో కిట్ తెచ్చి చూస్తే రెండు గీతలు. బిళ్లలతోనే తగ్గింది. పదిహేను రోజులు వాసన పోయి, మెల్లమెల్లగా తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకున్నా.

రెండు నెలలు గడిచాక మొదలైంది అసలు కథ. మసాలా దోసెకు ఉర్లగడ్డ కూర చేద్దామని బాండలిలో ఎర్రగడ్డలు వేశాను. ఒక నిమిషానికి చచ్చిన ఎలుక కంపు. నిజంగానే ఎలుక చచ్చిందేమోనని సిలిండర్ జరిపి, బియ్యం మూటలు జరిపి, చీపురు కట్ట పెట్టి అంతా గెలికి చూశాను. మా ఆయన వచ్చి "ఘుమఘుమలాడిపోతోంది, దేనికోసం వెతుకుతున్నావ్" అన్నాడు. అప్పటినుంచి అంతే. తెల్లగడ్డ కంపు, కోడిగుడ్డు కంపు, కాఫీ పెడితే కాలిన టైరు. సొంత కొట్టులో పొద్దున కాఫీ తాగలేని బతుకైపోయింది.

ఇంకో విచిత్రం. మొన్న గోవిందరాజస్వామి గుడిలో తీర్థం తీసుకుంటే పచ్చకర్పూరం గొంతులో చల్లగా తగిలింది, వాసన మాత్రం సున్నా. తాలింపులో ఎండుమిరపకాయలు వేస్తే అందరికన్నా ముందు దగ్గు వచ్చేది నాకే, మళ్లీ ఆ మిరపకాయ వాసన తెలియదు. ఇదెలా?

ఇక మతిమరుపు. నాలుగు టేబుళ్ల ఆర్డర్లు కాగితం లేకుండా గుర్తుపెట్టుకునేదాన్ని. ఇప్పుడు రెండు ఇడ్లీ ఒక వడ అని చెప్పినవాళ్లు పోయి కూర్చునేలోపే మర్చిపోతున్నా. ఒకరోజు చట్నీలో ఉప్పు రెండుసార్లు పడింది, తిన్నవాళ్లు మర్యాదస్తులు కాబట్టి నీళ్లు తాగి పోయారు. రాత్రిళ్లు పాదాల్లో చీమలు పాకినట్టు ఉంటుంది. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా.

దగ్గర్లోని డాక్టర్‌కు చెబితే నరాల బలహీనత అని ఎర్ర విటమిన్ సూదులు రాశాడు, రెండు వేయించుకుని మానేశాను. యూట్యూబ్‌లో చూస్తే వైరస్ ముక్కులోంచి మెదడులోకి ఎక్కి కూర్చుంటుందంట. ఒకటే టెన్షన్. మెదడు స్కాన్ తీయించుకోవాలా? ఎవరికైనా ఇలా అయి తగ్గిందా?

పలమనేరోడు

అక్కా, ఇప్పుడు ఏం జరిగినా కరోనా, లేకపోతే టీకా. మా జేజి తన మోకాళ్ల నొప్పి కూడా కరోనా ఖాతాలోనే రాసింది, ఆ నొప్పి నేను పుట్టకముందు నుంచీ ఉంది. పడుకునే ముందు ముక్కులో ఆవునెయ్యి రెండేసి చుక్కలు వేసుకో, నెలలో అంతా సర్దుకుంటుంది.

వార్డు_డ్యూటీ

పలమనేరు అన్నా, ముక్కులో నెయ్యి, నూనె వద్దు. రోజూ పోసుకుంటూ ఉంటే ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ ఇంకో రోగం తెస్తుంది.

అక్కా, నేను స్టాఫ్ నర్సును, డాక్టర్‌ను కాదు, ముందే చెబుతున్నా. 2020, 21లో కోవిడ్ వార్డు, ఇప్పుడు న్యూరో వార్డు. ముందు ఆ నరాల బలహీనత అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే నాకు ఆ మాట వింటేనే చిరాకు. మనకు నరం అంటే రెండూ నరాలే. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటాం, అది రక్తనాళం. మెడ తిప్పలేకపోతే "నరం పట్టేసింది" అంటాం, అప్పుడు మన మనసులో ఉన్నది మెదడుకు కబుర్లు మోసే తీగ. పోనీ పుస్తకాల్లోలాగా నాడి అందామా అంటే, నాడి పట్టుకుని చూసేది గుండె కొట్టుకోవడాన్ని. ఈ గందరగోళంలో ఏ నరం, ఏం బలహీనత అని అడిగేవాళ్లు ఉండరు, సూది వేసి పంపించేస్తారు. కరోనా మాత్రం ఈ రెండు రకాల నరాల జోలికీ పోతుంది, కాబట్టి విడివిడిగా చూడాలి.

నీ వాసన సంగతి మొదటిది. ముక్కులో బాగా పైన, రెండు కళ్ల మధ్యకు వచ్చే చోట, ఒక చిన్న పొర ఉంటుంది. వాసన పట్టే నరాల కొసలు అందులోనే. ఆ నరాలను నిలబెట్టి, శుభ్రం చేసి, సాకే కణాలు చుట్టూ ఉంటాయి. వైరస్ పట్టుకుని లోపలికి దూరే కొక్కెం పేరు ఏసీఈ2. ఆ కొక్కెం ఉన్నది నరాలకు కాదు, ఈ సాకే కణాలకు అని 2020లోనే హార్వర్డ్ వాళ్లు చూపించారు. 2021లో బెల్జియంలో, కోవిడ్‌తో చనిపోయినవాళ్ల ముక్కు పైపొరనూ దాని మీద ఉండే మెదడు భాగాన్నీ పరీక్షిస్తే కూడా అంతే, వైరస్ దొరికింది సాకే కణాల్లోనే. పందిరి కూలితే కాకర తీగ వాడిపోయినట్టు అనుకో. కాబట్టి నీ మెదడులో వైరస్ కాపురం పెట్టిందని ఆ యూట్యూబ్ ఆయన చెప్పింది పక్కన పెట్టు. 2021లో మనం కళ్లారా చూసిన, ముక్కు నుంచి కంటికీ మెదడుకూ ఎక్కినది బ్లాక్ ఫంగస్. అది వైరస్ కాదు, బూజు. షుగర్ అదుపులో లేక, పైగా స్టెరాయిడ్లు పడినవాళ్లకు ఎక్కువగా వచ్చింది. ఆ భయం జనంలో ఇంకా పోలేదు.

మంచి విషయం ఏమిటంటే వాసన నరాలు మళ్లీ పుడతాయి, పెద్దవాళ్ల ఒంట్లో అలా పుట్టే నరాలు చాలా అరుదు. కాకపోతే కొన్ని మొలుస్తాయి, కొన్ని మొలవవు, మొలిచినవి పాత చోటికే పోయి తగులుకుంటాయన్న గ్యారంటీ లేదు. దాంతో మెదడుకు అరకొర కబురు పోతుంది, అది దాన్ని కంపు అని చదువుకుంటుంది. దీని పేరు పారోస్మియా. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, కాఫీ, గుడ్డు, వేయించిన మాంసం, అందరూ చెప్పేది దాదాపు ఇవే. వీటిలో గంధకం కలిసిన పదార్థాలు ఉంటాయి, అవి గాలిలో అతి కొద్దిగా ఉన్నా ముక్కుకు తగులుతాయి. జ్వరం పోయిన రెండు మూడు నెలలకు మొదలవడం కూడా దీని పద్ధతే. మేం ఇది విన్నప్పుడు భయపడం, తీగ మళ్లీ పాకుతోందని అనుకుంటాం. మీకు కంపు, మాకు మంచి కబురు, ఏం చేస్తాం.

పచ్చకర్పూరం చల్లదనం, మిరపకాయ ఘాటు అసలు వాసన కిందికే రావు. అవి స్పర్శ, మంట, చల్లదనం చెప్పే వేరే నరాల పని. ముఖానికి, ముక్కుకు, నోటికి ట్రైజెమినల్ అనే నరం, పంటి నొప్పి చెప్పేది కూడా అదే. గొంతుకూ దగ్గుకూ ఇంకో నరాలు ఉంటాయి. నీకు ఆ నరాలు బాగున్నాయి, అందుకే దగ్గు వస్తోంది.

ఇప్పుడు చేయాల్సినవి. ముందు ఈఎన్‌టీకి చూపించి ముక్కులో కండ లాంటివి లేవని తేల్చుకో. వాసన మారినంత మాత్రాన సాధారణంగా మెదడు స్కాన్ అవసరం పడదు, నిన్ను చూశాక కావాలంటే వాళ్లే రాస్తారు. తర్వాత వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో హుమ్మెల్ అనే డాక్టర్, ఆయన బృందం 2009లో చూపించిన పద్ధతి ఇది, గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం, నాలుగింటినీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, ఒక్కోటి పది నుంచి ఇరవై సెకన్లు మెల్లగా పీల్చాలి. పీల్చేటప్పుడు నిమ్మకాయ అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి, ఫోన్ చూస్తూ కాదు. కనీసం పన్నెండు వారాలు. అందరికీ పూర్తిగా వస్తుందని చెప్పలేను, చాలామందికి మెరుగవుతుంది.

అన్నిటికన్నా ముందు గ్యాస్! సిలిండర్ లీకైతే తెలియడానికి కలిపేది కూడా గంధకపు పదార్థమే, నీకు అది తెలియకపోవచ్చు, లేదా రోజంతా కంపే కాబట్టి పట్టించుకోకపోవచ్చు. కొట్టులో లీకు పట్టే అలారం ఒకటి పెట్టించు. అది వచ్చేదాకా పొద్దున స్టవ్ మీ ఆయన వెలిగించాలి.

పాదాల తిమ్మిరి నేరుగా కరోనా ఖాతాలో వేయకు. షుగర్‌కు అది మామూలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే విటమిన్ బీ12 తగ్గడం కూడా ఉంది. మూడు నెలల సగటు షుగర్, బీ12, థైరాయిడ్ చూపించుకో, ఆ తర్వాత సూది కావాలా వద్దా తేలుతుంది.

చిత్తూరు_బెల్లం

నరాల బలహీనత అన్న మాట మా బావను చంపేసేదే, అందుకే రాస్తున్నా. 2021లో కరోనా తగ్గి ఇంటికొచ్చిన రెండు వారాలకు పొద్దున లేచి చెప్పు తొడుక్కోలేకపోయాడు, కాలు చెప్పులోకి పోవడం లేదు. సాయంత్రానికి గడప దాటలేడు. ఊళ్లో వైద్యుడు నీరసం, నరాల బలహీనత అని బి కాంప్లెక్స్ సూదులు మూడు రోజులు పొడిచాడు. మూడో రోజుకి చేతులు పైకి లేవలేదు, నీళ్లు మింగితే పొలమారుతోంది. చిత్తూరు నుంచి వేలూరు గంట దారి, కారులో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లాం. నరాల్లో కరెంటు పెట్టి చూసే పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. జీబీఎస్ అన్నారు, గిలియన్ బారే.

డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. వైరస్ నరాన్ని తినలేదంట. వైరస్ మీదికి పంపిన సైన్యం దారి తప్పి నరాల మీది పొరను, వైరు మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిదాన్ని, చెరిపేస్తోందంట. కింది నుంచి పైకి పాకుతుంది, ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటర్. ఇది కరోనాకే కాదు, కొన్ని రకాల విరేచనాల తర్వాత కూడా వస్తుందంట. అరుదే. కానీ వచ్చినవాడికి ఆ అరుదుతో పనేముంది. అయిదు రోజులు ఐవీఐజీ అని, దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు ఎక్కించారు, ఎంత ఖర్చయిందో ఇక్కడ రాయను, మా చెల్లెలు కూడా చదువుతుంది. ఆరు నెలలకు కర్ర పట్టుకుని నడిచాడు, ఇప్పుడు గానుగ దగ్గర మామూలుగా పని చేస్తున్నాడు.

టీకా గురించి ఎవరో అన్నారు కాబట్టి, కోవిషీల్డ్ రకం టీకా తర్వాత కూడా జీబీఎస్ చాలా అరుదుగా రావచ్చని ఐరోపా మందుల సంస్థ 2021లోనే దుష్ప్రభావాల జాబితాలో చేర్చింది. మా బావ అప్పటికి ఒక్క డోసు కూడా వేసుకోలేదు.

వార్డు_డ్యూటీ

ఈ అన్న రాసింది అందరూ చదవండి. కాళ్లలో బలం గంటగంటకూ రోజురోజుకూ తగ్గుతుంటే సూది కాదు, ఆసుపత్రి. రెండో రకం నరం, అంటే రక్తనాళం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. కోవిడ్‌లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. 2020లో న్యూయార్క్‌లో ఒకే ఆసుపత్రుల గ్రూపుకు రెండు వారాల్లో అయిదుగురు పక్షవాతంతో వచ్చారు, అందరూ 50 ఏళ్ల లోపువాళ్లే, మెదడుకు పోయే పెద్ద రక్తనాళాలు మూసుకుపోయాయి. మూతి పక్కకు పోయినా, మాట ముద్దైనా, ఒక చెయ్యి జారిపోతున్నా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పని, "పొద్దునదాకా చూద్దాం" అంటే దాటిపోతుంది.

ఇంకా_పశువుల_డాక్టర్‌ని_కాలేదు

నేను ఇక్కడే వెటర్నరీ చదువుతున్నా. మనుషుల గోల నాకు తెలియదు కానీ, కరోనా నరాల జోలికి పోవడం చూసి జనం ఆశ్చర్యపోతుంటే మా క్లాసులో ఎవరికీ కొత్తగా అనిపించలేదు. కోవిడ్‌ది మొన్నటి పేరు, కరోనా వైరస్‌లది పెద్ద కుటుంబం. ఎలుకలకు వచ్చే కరోనాలో జేహెచ్‌ఎం అనే రకం ఉంది, అది మెదడులో, వెన్నుపాములో నరాల పైపొర ఊడిపోయేలా చేస్తుందని 1949లోనే రాశారు. అప్పటికి కరోనా అనే పేరు కూడా పెట్టలేదు. పందిపిల్లలకు ఇంకోటి, 1962లో కెనడాలో దొరికింది, అదైతే నిజంగానే నరాల వెంట పాకుతూ మెదడుకు చేరుతుంది, పిల్లలు వాంతులు చేసుకుని ఎండిపోతాయి. పిల్లుల కరోనా ఒకటి ముదిరితే కళ్లకూ మెదడుకూ పోతుంది. ఒకే కుటుంబంలో ఒకడు ముక్కు దగ్గరే ఆగిపోతాడు, ఇంకొకడు నేరుగా మెదడుకే పోతాడు. మనుషులకు మామూలు జలుబు తెచ్చే కరోనాలు నాలుగు ఉన్నాయి, వాటిలో ఓసీ43 అనేది రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్న కొందరిలో మెదడు వాపు తెచ్చిన కేసులు ఉన్నాయి. అది కూడా బాగా అరుదు, జలుబు చేసిన ప్రతివాడూ కంగారు పడక్కర్లేదు.

పలమనేరోడు

సరే నర్సమ్మా, నెయ్యి వెనక్కి తీసుకుంటున్నా. మతిమరుపు సంగతి ఎవరూ చెప్పలేదే? అది నాక్కూడా ఉంది, పెళ్లిరోజు మర్చిపోయా, కరోనా మీద తోసేద్దామని చూస్తున్నా.

మెట్లదారి

పెళ్లిరోజు సంగతి నాకు తెలియదు అన్నా, మిగతాది చెబుతా, నేనూ అందులోనే ఉన్నా కాబట్టి.

బ్రిటన్‌లో కరోనా రాకముందే వేలమందికి మెదడు స్కాన్లు తీసి పెట్టుకున్న ప్రాజెక్టు ఒకటి ఉంది. వాళ్లలో 785 మందిని మళ్లీ పిలిచి స్కాన్ తీశారు, మధ్యలో 401 మందికి కోవిడ్ వచ్చింది, ఎక్కువమందికి తేలికపాటిదే. ముందు, తర్వాత పోల్చితే వాసనతో సంబంధం ఉన్న భాగాల్లో మెదడు కొంచెం పలచబడింది. 2022లో ఇది వచ్చినప్పుడు మెదడు కుంచించుకుపోతోందని టీవీల్లో ఊదరగొట్టారు. సగటున చూస్తే చిన్న తేడా అది, పైగా స్కాన్లో ఉన్నవాళ్లు 51 దాటినవాళ్లు, వాసన అందక ఆ భాగం వాడకం తగ్గడం వల్ల కూడా అలా కావచ్చు. ఇంగ్లాండ్‌లో లక్షా పన్నెండు వేల మందికి పైగా జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలు పెట్టి 2024లో చెప్పింది నాకు ఎక్కువ పనికొచ్చింది. కోలుకున్నవాళ్లకు ఐక్యూ లెక్కలో దాదాపు మూడు పాయింట్ల తేడా, లక్షణాలు ఇంకా పోనివాళ్లకు ఆరు. ఉంది, కానీ కొంప మునిగేది కాదు. అదే ఏడాది డబ్లిన్ వాళ్లు, మెదడు మబ్బు పట్టినట్టున్నవాళ్లలో రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే గోడ కారుతోందని స్కాన్లో చూపించారు. మళ్లీ చూడండి, నర్సక్క చెప్పిన ఆ రెండు నరాలూ ఇక్కడే కలుస్తున్నాయి.

నా కథ వేరే. అలిపిరి నుంచి 3550 మెట్లు రెండు గంటల్లో ఎక్కేసేవాడిని, నెలకోసారి. కరోనా తర్వాత గాలిగోపురం దాకా పోకముందే కూలబడ్డాను. గుండె పరీక్షలు అన్నీ బాగున్నాయి. "టెన్షన్ తగ్గించుకో బాబూ" అని ముగ్గురు చెప్పారు, నాలుగో ఆయన మంచం మీద పడుకోబెట్టి నాడి చూశాడు, 76. లేచి నిలబడమని పక్కనే వాచీ పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాడు, పాపం ఆయన కూడా. 118. బీపీ మాత్రం పడలేదు. నిలబడ్డ పది నిమిషాల్లో 30 పైగా పెరిగితే పాట్స్ అనుమానించాలంట. మనం అడక్కుండానే గుండెను, చెమటను, పేగులను నడిపించే నరాలు ఉంటాయి కదా, వాటి లయ తప్పడం. నీళ్లు, ఉప్పు పెంచమన్నాడు, బీపీ ఉన్నవాళ్లు అడక్కుండా ఇది చేయొద్దు. కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకోమన్నాడు. ఒకరోజు ఎక్కువ తిరిగితే మూడు రోజులు మంచం, కాబట్టి ఓపిక ఉన్నా సగంలో ఆపేయడం నేర్చుకున్నా, అదే అన్నిటికన్నా కష్టం. అక్కా, నువ్వు పొద్దున మూడున్నర నుంచి నిలబడే ఉంటావు, ఒకసారి నీ నాడి కూడా చూసుకో. ఆర్డర్లు కాగితం మీద రాయి, అందులో నామోషీ ఏమీ లేదు.

పొద్దున్నే_పొయ్యి

అందరికీ దండాలు. మధ్యలో రాయలేకపోయాను, ఏడు వారాలైంది. గ్యాస్ అలారం పెట్టించాం, మొదటి రోజే ఇంగువ తాలింపుకు కుయ్యిమంది, పిల్లోడు బయటికి పరిగెత్తాడు. మూడు నెలల సగటు షుగర్ 9.1 వచ్చింది, పాదాల తిమ్మిరి దానిదేనంట, మందు మార్చారు. బీ12, థైరాయిడ్ బాగున్నాయి. ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులో గొట్టం పెట్టి చూసి కండ లేదు, సాధన ఆపొద్దు అన్నారు. నాడి కూర్చుంటే 82, నిలబడితే 90, అది నాకు లేదు తమ్ముడూ. ఆర్డర్లకు ఇప్పుడు పిల్లోడి పాత నోటుపుస్తకం వాడుతున్నా.

లవంగం కొంచెం తెలుస్తోంది. నిమ్మకాయ ఒకరోజు తెలుస్తుంది, ఒకరోజు తెలియదు. మొన్న చట్నీలోకి తాలింపు వేస్తుంటే కరివేపాకు వాసన సరిగ్గా వచ్చింది, ఒక్క సెకను, చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయా, ఆవాలు మాడిపోయాయి. ఎర్రగడ్డ ఇంకా కంపే, కాకపోతే చచ్చిన ఎలుక నుంచి తడిసిన గోనెసంచి దాకా వచ్చింది. కాఫీ ఊసెత్తకండి.

వార్డు అక్కా, ఒకటి అడగాలి. గులాబీ నూనె రెండు సీసాలు అయిపోయినా ఏమీ తెలియడం లేదు, దాని బదులు మల్లెపూలు పెట్టుకుని చూడొచ్చా? ఇక్కడ అవే చవక.